గాలికి కట్టిన తాళ్ళు

మా ఊరికి వసంతం వచ్చిందంటే పూలకన్నా ముందు
మున్సిపాలిటీ వాళ్ళొచ్చి వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు.
మనిషిని ఎత్తి రోడ్డుకవతల పెట్టే గాలి
మా పుంటా అరెనాస్‌ది.
నలభై తొమ్మిదేళ్ళుగా పట్టుకునే నడిచాను.

ఇంకో తాడు సంగతి చెప్తాను.

రేవు వెనక పాత ఉన్ని గోదాము.
గొర్రెల వాసన ఇంకా గోడల్ని వదల్లేదు.
మంగళ, గురు, శనివారాలు పొద్దున్న ఆరింటికి.
పొద్దున్న అని పేరుకే, జూన్‌లో పదిదాకా తెల్లారదు.
కోచ్ యాస్నా. మిగతా రోజంతా పడవల ఇంజన్లు బాగుచేస్తుంది,
ఆ గొంతుకి మైకు అక్కర్లేదు.
"నలభై సెకన్లు పని, ఇరవై సెకన్లు ఊపిరి."
ఆవిడ ఉపన్యాసం అంతే.

మొదటి రోజు నాకా ఇరవై సెకన్లే గుర్తు.
గుండె గొంతులోకొచ్చి కూర్చుంది.
నేల మీద పడాలి, లేవాలి, ఎగరాలి, మళ్ళీ పడాలి,
బర్పీ అంటారట దాన్ని.
పడ్డం వరకూ నేను బాగానే చేశాను.

పదకొండు మందిమి.
పీతల ఫ్యాక్టరీలో నా పక్క బల్ల నెరెయ్డా,
రెండు మోకాళ్ళకీ పట్టీలు చుట్టుకొచ్చే
ఒకనాటి ఓడ వంటవాడు దోన్ ఎలెయుతేరియో,
ఐదు నెలల బిడ్డని బుట్టలో పడుకోబెట్టి
కంటికొసతో చూసుకుంటూ గెంతే అయెలెన్,
నోరు విప్పని ఒక ఫైరింజను కుర్రాడు...
ఎవరి బరువు వాళ్ళది, లెక్క మాత్రం ఉమ్మడి.
పదిహేడు అనబోయి నేను గాలి మింగితే
పద్దెనిమిది అని పక్కనుంచి ఎవరో అందుకుంటారు,
మంటలార్పేటప్పుడు బకెట్టు చేతులు మారినట్టు.

మూలన ఇనుప కడ్డీకి చుట్టిన ఓడ తాడు,
నా మణికట్టంత లావు, ఉప్పు మరకలు.
రెండు కొసలూ రెండు చేతుల్లో పెట్టింది యాస్నా.
తాడు పట్టుకోవడం నాకు కొత్తా అనుకున్నాను.
"పట్టుకుని నిలబడతావేం? విసురు!"
తాడుని విసరమన్నవాళ్ళు
నా జన్మలో ఎవరూ లేరు.

అల నా వేళ్ళ దగ్గరే చచ్చిపోయేది.
ఆగస్టుకి సగందాకా పాకింది.
సెప్టెంబర్లో ఓ గురువారం
అవతలి కొసదాకా పోయి కడ్డీని ఠంగుమనిపించింది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఎవరి దగ్గరా ఊపిరి లేదు.

ఫ్యాక్టరీలో పీతల పెట్టె దిగిందంటే
"నెల్సన్!" అని కేకేస్తాడు సూపర్‌వైజరు,
నేను గోడనైనట్టు నా మీదుగా.
ఆ రోజు నెల్సన్ వచ్చేసరికి పెట్టె బల్ల మీదుంది.
నడుముని నమ్మలేదు, మోకాళ్ళు వంచి, పళ్ళ బిగువున లేచాను.
నెల్సన్ ఖాళీ చేతులవంక చూసుకుని
వాటిని జేబుల్లో దాచుకున్నాడు.
జీతం పెరగలేదు. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది.
చలికి మోకాలు ఇప్పటికీ మూలుగుతుంది,
గోదాములో అందరికన్నా ఆఖర్న ముగించేది ఇప్పటికీ నేనే.
నేను ముగించేదాకా ఎవరూ నీళ్ళ సీసా ముట్టరు.
"తొందరగా కానీ తల్లీ, గొంతెండి చస్తున్నాం"
అని తిడతాడు ఎలెయుతేరియో,
తిడుతూనే లెక్కపెడతాడు.

నిన్న గంటకి నూటపది కిలోమీటర్ల గాలి.
చౌరస్తా మలుపులో తాడు పట్టుకున్నాను.
పట్టుకోకుండా దాటానంటే వినడానికి బాగుండేది,
గాలితో పందేలేంటి.
కాకపోతే ఒక్క చేత్తోనే పట్టుకున్నాను.
రెండో చేతిని
ఎవరో పెద్దావిడ, పేరైనా చెప్పకుండా,
గోళ్ళు దిగేలా పట్టుకునుంది.
మోకాళ్ళు వంచమన్నాను. వంచింది.
అడుగులు పైకే లెక్కపెట్టడం మొదలెట్టాను.
పదిహేడు దగ్గర గాలి నా నోట్లో మాట లాగేసుకుంది.

పద్దెనిమిది, అంది ఆవిడ.